నగారా వాయించే రౌతు మెడలో ఆ వెండి పట్టీ ఏమిటి? బ్రిటిష్ అశ్వదళ బ్యాండ్ల దుస్తులు, వాద్యకారుల గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో మీకొక రంగుల బొమ్మ దొరికింది. అందులో బూడిదరంగు గుర్రం మీద ఒక సైనికుడు ఉన్నాడు. అతనిది నీలం కోటు, ఎర్ర కాలరు, బొచ్చు టోపీ. గుర్రానికి అటూ ఇటూ రెండు వెండి నగారాలు ఉన్నాయి గానీ వాటి మీద గుడ్డ కప్పలేదు. మెడలో వెడల్పాటి వెండి పట్టీ ఉంది. అతను ఏ రెజిమెంటువాడు, ఆ పట్టీ బానిసత్వపు గుర్తా, ఇంత అలంకరణకు డబ్బెవరు పెట్టేవారు, వీళ్లు నిజంగా యుద్ధానికి వెళ్లేవారా అని అడిగారు.

ముందు సూటి జవాబు. మీరు చెప్పిన వివరాలు సరైనవైతే అతను 3వ హుస్సార్ల (బ్రిటిష్ తేలిక అశ్వదళ రెజిమెంట్లలో ఒకటి) నగారావాడు. ఆ పట్టీ బానిస గుర్తు కాదు, రెజిమెంటుకు వచ్చిన కానుక. డబ్బు చాలావరకు ఆఫీసర్ల జేబుల్లోంచే వచ్చేది. యుద్ధం సంగతికొస్తే, వాద్యకారుల్లో ఒక రకం వాళ్లు తప్పకుండా వెళ్లేవారు, ఇంకో రకం వాళ్ల కథ వేరు. ఈ తేడా తెలిస్తే ఇలాంటి బొమ్మల్లో సగం చిక్కులు విడిపోతాయి.

నేను పాత సైనిక దుస్తుల్ని శుభ్రపరిచి, మరమ్మతు చేసి, భద్రపరిచే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అందులో బ్యాండు దుస్తులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కాబట్టి జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది.

3వ హుస్సార్లని ఎందుకంటున్నానో చెప్తాను. బ్రిటిష్ అశ్వదళాల్లో నగారాలకు మామూలుగా బ్యానర్లు కడతారు. అవి పట్టుగుడ్డ మీద జరీతో రెజిమెంటు చిహ్నం, గెలిచిన యుద్ధాల పేర్లు కుట్టిన బరువైన తెరలు. 3వ హుస్సార్లు మాత్రం నగారాలకు గుడ్డ కట్టేవారు కాదు. 1743లో డెటింగెన్ యుద్ధంలో ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి వెండి నగారాలు గెలుచుకున్నామన్న గౌరవం వాళ్లది. గెలిచి తెచ్చుకున్నదాన్ని గుడ్డ కింద దాచడం ఎందుకన్నది వాళ్ల పద్ధతి. యుద్ధాల పేర్లు వెండి మీదే చెక్కించేవారు. ఆ కాలంలో శత్రువు నగారాలు చేజిక్కడం జెండా చేజిక్కడంతో సమానం.

మెడపట్టీ 1772 నాటిది. ఆ ఏడాది రెజిమెంటుకు కర్నల్‌గా వచ్చిన చార్లెస్ ఫిట్జ్‌రాయ్ భార్య, తర్వాతి రోజుల్లో లేడీ సౌతాంప్టన్‌గా పేరున్న ఆవిడ, నగారావాడు వేసుకోవడానికి వెండి కాలరు బహూకరించింది. అప్పట్నుంచీ ఆ పదవిలో ఎవరున్నా అది వేసుకోవడం ఆచారమైంది. అప్పుడు వాళ్లది డ్రాగూన్ రెజిమెంటు, అదీ ఒక రకం అశ్వదళమే. 1818లో లైట్ డ్రాగూన్లు అయ్యారు, 1861లో హుస్సార్లు అయ్యారు. మీ బొమ్మలో ఉన్నది హుస్సార్ల బొచ్చు టోపీ కాబట్టి అది 1861 తర్వాతి దుస్తుల్ని చూపిస్తోంది. టోపీ పక్కన వేలాడే గుడ్డసంచి నీలంగా, తురాయి తెల్లగా ఉన్నాయేమో చూడండి. ఎర్ర కాలరు ఎలాగూ ఉందన్నారు. ఈ మూడూ కలిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

బానిస గుర్తా అన్న అనుమానం మీకు రావడంలో తప్పేమీ లేదు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు చిత్రాల్లో ధనవంతుల ఇళ్లలో పనిచేసే నల్లజాతి కుర్రాళ్ల మెడల్లో వెండి పట్టీలు కనిపిస్తాయి. సైన్యంలోనూ 18వ శతాబ్దం మధ్య నుంచి నల్లజాతి వాద్యకారుల్ని పెట్టుకుని, తలపాగాలు, జరీ కోట్లు వేయించి, తాళాలు, గంటలు వేలాడే తుర్కీ దండం వాయింపజేయడం ఒక మోజుగా నడిచింది. 29వ పదాతి రెజిమెంటులో నల్లజాతి డ్రమ్మర్ల సంప్రదాయం 1759 నుంచి 1843 దాకా సాగింది. వాళ్లలో కొందరు బానిసత్వం నుంచి వచ్చినవాళ్లే, ఆ చరిత్రను దాచాల్సిన పనిలేదు. కానీ మీ బొమ్మ కాలానికి ఆ పట్టీ వేసుకున్న మనిషి జీతం తీసుకునే సైనికుడు, రెజిమెంటులో అందరి కళ్లూ పడే గౌరవస్థానంలో ఉన్నవాడు.

ఇప్పుడు అసలు విషయం: ట్రంపెటర్ వేరు, బ్యాండ్స్‌మన్ వేరు. బొమ్మల్లో ఇద్దరూ పక్కపక్కనే కనిపిస్తారు, ఇద్దరి చేతుల్లోనూ ఇత్తడి వాద్యాలే ఉంటాయి. అందుకే చాలామంది కలిపేస్తారు. ట్రంపెటర్ రెజిమెంటు లెక్కల్లో ఉన్న ఉద్యోగి. ఒక్కో ట్రూపుకు (రెజిమెంటులో చిన్న విభాగం) ఒక ట్రంపెటర్ ఉండేవాడు, అతనికి ట్రంపెటర్ హోదా, దానికి తగ్గ జీతం ఉండేవి. అతని పని సంగీతం కాదు, ఆజ్ఞలు చేరవేయడం. నిద్ర లేవండి, గుర్రాలకు నీళ్లు పెట్టండి, జీను కట్టండి, నడవండి, దౌడు తీయండి, ఆగండి, ఇవన్నీ అతని ఊదుడే చెప్పాలి. వందలాది గుర్రాల డెక్కల చప్పుడులో కమాండర్ గొంతు పదిమందికి కూడా వినబడదు. అందుకే అతను కమాండర్ పక్కనే ఉండాలి, పొగలో దుమ్ములో కమాండర్‌కు చప్పున కనబడాలి. ట్రంపెటర్లకు బూడిదరంగు గుర్రాలు, వేరే రంగు తురాయి ఇవ్వడం ఇందుకే మొదలైంది. రాజు అంగరక్షక అశ్వదళమైన లైఫ్ గార్డ్స్‌లో మిగతావాళ్లకు తెల్ల తురాయి, ట్రంపెటర్లకు ఎర్ర తురాయి. లండన్‌లో ఇవాళ్టికీ అదే చూస్తాం, వాళ్ల గుర్రాలు ఇవాళ్టికీ బూడిదరంగువే.

ట్రంపెటర్ దగ్గర రెండు వాద్యాలు ఉండేవి. శిబిరంలో, బ్యారక్స్‌లో పిలుపులకు ట్రంపెట్. గుర్రం మీద, మైదానంలో ఆజ్ఞలకు బ్యూగుల్. పాత ఫొటోలో ఒకే మనిషి దగ్గర రెండూ కనిపిస్తే అతను ట్రంపెటరే అని దాదాపు ధైర్యంగా చెప్పేయొచ్చు. ముంజేతి మీద నాలుగు పట్టీలు, వాటిపైన అడ్డంగా పెట్టిన రెండు ట్రంపెట్ల గుర్తు ఉంటే అతను ట్రంపెట్ మేజర్.

వీళ్లు యుద్ధానికి వెళ్లేవారా అని అడిగారు కదా. క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబర్ 25న బాలక్లావాలో లైట్ బ్రిగేడ్ (తేలిక అశ్వదళాల దండు) దాడి చేసినప్పుడు ట్రంపెటర్లు ముందు వరుసల్లోనే ఉన్నారు. దండు నాయకుడు లార్డ్ కార్డిగన్ వెంట ఉన్న 17వ లాన్సర్ల (బల్లెం పట్టే రౌతులు) ట్రంపెటర్ విలియం బ్రిటన్ అక్కడ తగిలిన గాయాలతోనే ఇస్తాంబుల్‌కు ఎదురుగా ఉన్న స్కుటారి ఆసుపత్రిలో చనిపోయాడు. అదే రెజిమెంటు ట్రంపెటర్ మార్టిన్ లాన్‌ఫ్రీడ్ బతికి బయటపడ్డాడు. 1890 ఆగస్టులో లండన్‌లో ఎడిసన్ కంపెనీవాళ్లు అతని చేత మైనపు సిలిండర్ మీద రికార్డు చేయించారు. ముందు తన పేరు చెప్పుకుని, వాటర్లూలో మోగిన బ్యూగుల్ మీద బాలక్లావా నాటి దాడి పిలుపు ఊదాడు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ ఉంది, వెతికి వినండి. గరగర శబ్దం మధ్య వినిపించే ఆ కొన్ని స్వరాలు వింటే, ట్రంపెటర్ పని ఏమిటో నేను రాసే పది పేరాల కన్నా బాగా తెలుస్తుంది.

బ్యాండ్స్‌మన్ సంగతి వేరు. కాగితాల మీద అతను మామూలు సిపాయి. 1803లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒక్కో ట్రూపు లేదా కంపెనీ నుంచి ఒక్క సిపాయిని మించి బ్యాండులోకి తీసుకోకూడదు, వాళ్లపైన బ్యాండ్‌మాస్టర్‌గా ఒక నాన్‌కమిషన్డ్ ఆఫీసర్ ఉండొచ్చు. అవసరమైతే వాళ్లు ఆయుధం పట్టి సొంత కంపెనీలో నిలబడాలి. ఆచరణలో ఈ హద్దును దాటని రెజిమెంటు అరుదు. వాద్యాలు, నోట్సు, బ్యాండ్‌మాస్టర్ జీతం, ప్రత్యేక దుస్తులు, వీటికి ప్రభుత్వం ఇచ్చేది స్వల్పం. ఆఫీసర్లు రెజిమెంటులో చేరగానే కొన్ని రోజుల జీతం, ఆ తర్వాత ఏటా కొంత, బ్యాండు నిధికి కట్టాలి. మెస్‌లో విందులకు, బాల్ డాన్సులకు, ఊళ్లో కవాతులకు రెజిమెంటు పరువు నిలబెట్టేది బ్యాండే కాబట్టి డబ్బున్న రెజిమెంట్లు పోటీపడి ఖర్చుపెట్టేవి.

అందుకే బ్యాండు దుస్తుల్ని డ్రెస్ రెగ్యులేషన్స్ పుస్తకం ఒక్కటే పెట్టుకుని పోల్చకండి. ఆ పుస్తకం ఆఫీసర్ల కోసం రాసింది. బ్యాండు దుస్తుల్లో కర్నల్ ఇష్టం, నిధిలో ఉన్న సొమ్ము, ఊళ్లో దొరికిన దర్జీ, ఈ మూడూ కలుస్తాయి. పుస్తకంలో లేదు కాబట్టి బొమ్మ తప్పు అనడం తొందరపాటు. స్కాట్స్ గ్రేస్ అనే అశ్వదళ రెజిమెంటులో అందరికీ నల్ల ఎలుగుతోలు టోపీలైతే నగారావాడికి ఒక్కడికే తెల్లది. 1894లో తమకు గౌరవ కర్నల్ అయిన రష్యా జార్ రెండో నికొలస్ కానుక అది అని రెజిమెంటు సంప్రదాయం చెబుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, 18వ శతాబ్దంలో డ్రమ్మర్లు, ట్రంపెటర్లు రెజిమెంటు రంగుల్ని తిరగేసి వేసుకునేవారు. సైనికులది ఎర్ర కోటు, పసుపు కాలరు, పసుపు చేతిమడతలు అనుకోండి. వాళ్లది పసుపు కోటు, ఎర్ర మడతలు. 1768 నాటి రాజాజ్ఞలో ఇది రాసే ఉంది. 19వ శతాబ్దం మొదటి మూడో వంతు గడిచేసరికి ఆ పద్ధతి పోయింది. కాబట్టి వాద్యకారుడు పూర్తిగా వేరే రంగులో కనిపిస్తే ముందు ఆ కాలాన్ని అనుమానించండి.

రాజకుటుంబపు అశ్వదళాల సంగతి మరీ ప్రత్యేకం. జార్జ్ మూడో రాజు 1805లో రాయల్ హార్స్ గార్డ్స్‌కు వెండి నగారాలిచ్చాడు, నాలుగో విలియం 1831లో లైఫ్ గార్డ్స్‌కు ఇచ్చాడు. వీళ్ల వాద్యకారులు రాజకుటుంబీకుల సమక్షంలో, లండన్ లార్డ్ మేయర్ కోసం వేసుకునే స్టేట్ కోటు రెండో చార్లెస్ కాలపు మోస్తరుది. మోకాళ్లదాకా దిగే కోటు నిండా అడ్డంగా నిలువుగా బంగారు పట్టీలు, ఎదురురొమ్ము మీద కిరీటం, రాజు పేరు అక్షరాలు, నెత్తిన మఖమల్ జాకీ టోపీ. యుద్ధ దుస్తులు ఎన్నిసార్లు మారినా ఇది మారలేదు.

అలాంటి బంగారు పట్టీని భూతద్దం కింద చూస్తే మనవాళ్లకు కొత్తగా ఉండదు. పట్టుదారం చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగ, దానిపైన బంగారు పూత. కంచి పట్టుచీర జరీ ఉన్నట్టే ఉంటుంది. ఒరిపిడి తగిలినచోట పూత పోయి వెండి బయటపడి నల్లబడుతుంది. ఎక్కడ నల్లబడిందో చూస్తే ఆ మనిషి ఏం వాయించేవాడో చాలాసార్లు చెప్పొచ్చు. నా బల్ల మీదికి వచ్చిన ఒక బ్యాండ్స్‌మన్ కోటుకు ఎడమ భుజం మీద ఉన్ని నూగంతా అణిగిపోయి, భుజం పట్టీ చదునై ఉంది. కుడి చంక కింద కూడా గుడ్డ నున్నగా అరిగింది. అది హెలికాన్ వాయించినవాడి కోటు. హెలికాన్ అంటే ఒంటి చుట్టూ వలయంలా తిరిగి ఎడమ భుజం మీద కూర్చునే పెద్ద ఇత్తడి బాకా. 1840ల చివర్లో వియన్నాలో తయారైంది. గుర్రం మీద మంద్రస్వరం వాయించాలంటే దానికి మించిన ఏర్పాటు లేదు. అదే కోటుకు కాలరు కొక్కాలు ముందుకు సాగిపోయి ఉన్నాయి. బిగుతు కాలరుతో గాలి పూరించి ఊదిన ఏళ్లన్నీ ఆ రెండు కొక్కాల్లో కనబడుతున్నాయి.

మామూలు బ్యాండ్స్‌మన్ కోటు మీద బంగారం అరుదు, పసుపు ఉన్ని పట్టీలే ఎక్కువ. లోపలి అస్తరు కూడా చూడాలి. 1854 దాకా రెజిమెంటుకు దుస్తులు కుట్టించే బాధ్యత కర్నల్‌ది. అందుకిచ్చే సొమ్ములో మిగిలింది అతనికే. ఆ తర్వాత ప్రభుత్వమే తీసుకుంది, లండన్‌లో పిమ్లికోలోని డిపో నుంచి దుస్తులు వచ్చేవి. అక్కడి కోట్లకు లోపల ముద్రలుంటాయి. ముద్ర లేకుండా ప్రైవేటు దర్జీ చీటీ ఉంటే బ్యాండు నిధితో కుట్టించినది కావచ్చు. ఒక్క చీటీ చూసి తేల్చేయకండి, ఆఫీసర్ల కోట్లకూ దర్జీ చీటీలే ఉంటాయి.

బొమ్మ కాలం తేల్చడానికి నేను ముందు చూసేవి కోటు రంగు, కోటు కత్తిరింపు. నాలుగో విలియం 1830లో గద్దెనెక్కి లైట్ డ్రాగూన్లకు, లాన్సర్లకు ఎర్ర కోట్లు వేయించాడు. 1840లో తిరిగి నీలానికి వచ్చారు, 16వ లాన్సర్లు మాత్రం ఎరుపు వదల్లేదు. కాబట్టి ఎర్ర కోటులో లైట్ డ్రాగూన్ కనిపిస్తే ఆ పదేళ్ల నాటి దుస్తులే. ముందు పొట్టిగా, వెనక తోకలతో ఉంటే 1855కు ముందుది. చుట్టూ అంచు ఒకేలా దిగితే ఆ తర్వాత వచ్చిన ట్యూనిక్. హుస్సార్ల భుజం మీద వేలాడే రెండో బొచ్చుకోటు కూడా ఆ మార్పుతోనే పోయింది, ఆ తర్వాత ఎదురురొమ్ము మీద ఆరు వరుసల తాడు అల్లికతో ఒక్క కోటే మిగిలింది.

బొమ్మ ఎప్పుడు వేశారన్నది ఇంకో ప్రశ్న. రిచర్డ్ సిమ్కిన్ లాంటి చిత్రకారులు 19వ శతాబ్దం చివర కూర్చుని వాటర్లూ నాటి దుస్తుల్నీ వేశారు. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది, కానీ కళ్లారా చూసి వేసిన సమకాలపు దుస్తుల్ని నమ్మినంతగా డెబ్బై ఎనభై ఏళ్ల వెనకటి దుస్తుల్ని నమ్మను. చేత్తో రంగులు దిద్దిన పాత లితోగ్రాఫులైతే (రాతి పలక మీంచి అచ్చు వేసిన బొమ్మలు) ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో రెండు రంగుల్లో ఉండటం మామూలే. తర్వాతి కాలపు వ్యాపారులు నలుపు-తెలుపు బొమ్మలకు రంగులు అద్ది అమ్మడమూ ఉంది.

ఫొటోల విషయంలో ఒక హెచ్చరిక, ఇది చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఆ కాలపు గాజు పలకలకు ఎరుపు రంగు దాదాపు అందదు, నీలం బాగా అందుతుంది. అందువల్ల ఎర్ర కోటు, పసుపు పట్టీలు నల్లగా పడతాయి, నీలం లేతగా పడుతుంది. ఒకాయన తన దగ్గరున్న ఫొటోలో మనిషిది లేతరంగు కోటు, నల్ల కాలరు అని నాకు రాశారు. ఆ రంగులున్న రెజిమెంటు కోసం ఎంతో వెతికారట. నిజానికి అది నీలం కోటు, ఎర్ర కాలరు. రేకు మీద తీసిన ఫొటో అయితే కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి, గుండీలు ఏవైపు పెట్టారో చూసి సరిచూసుకోవాలి.

ఇక వాయించిన మనుషుల గురించి. 19వ శతాబ్దం మొదటి సగంలో మంచి బ్యాండ్‌మాస్టర్ కావాలంటే జర్మన్‌నో ఇటాలియన్‌నో జీతానికి పెట్టుకునేవారు. అతను సైనికుడు కాదు, రెజిమెంటు విదేశానికి పోతే వెంట వెళ్లాలన్న నిర్బంధం లేదు. క్రిమియా యుద్ధం వచ్చేసరికి దీని ఫలితం బయటపడింది. 1854 మేలో విక్టోరియా రాణి పుట్టినరోజున స్కుటారిలో కవాతు జరిగితే, బ్యాండ్లన్నీ కలిసి జాతీయగీతం ఎత్తుకున్నాయి. ఒక్కో బ్యాండుది ఒక్కో శ్రుతి, ఒక్కో ఏర్పాటు. మిత్రదేశాల ముందు పరువు పోయింది. బ్రిటిష్ సేనాధిపతి డ్యూక్ ఆఫ్ కేంబ్రిడ్జ్ పట్టుబట్టడంతో 1857లో ట్వికెన్‌హామ్ దగ్గర నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల వచ్చింది. దానికి మొదటి డైరెక్టర్ హెన్రీ షాలెన్, అంతకుముందు 17వ లాన్సర్ల బ్యాండ్‌మాస్టర్‌గా పనిచేసిన జర్మన్. లాన్‌ఫ్రీడ్‌దీ అదే రెజిమెంటు. ఆ తర్వాత తరంలో ఇంగ్లీషువాళ్లే బ్యాండ్‌మాస్టర్లు అయ్యారు. 1868 నుంచి 1904 దాకా రాయల్ హార్స్ గార్డ్స్ బ్యాండును నడిపిన చార్లెస్ గాడ్‌ఫ్రే కుటుంబమంతా సైనిక సంగీతంలోనే ఉంది.

కింది స్థాయిలో వాయించినవాళ్లలో చాలామంది పిల్లలుగా చేరినవాళ్లే. లండన్‌లోని చెల్సీలో సైనికుల అనాథ పిల్లల కోసం నడిచిన బడిలో సంగీతం నేర్పి రెజిమెంట్లకు పంపేవారు. పద్నాలుగేళ్లకే చేరిన కుర్రాడు రోజూ గుర్రాన్ని తోమాలి, స్వారీ నేర్చుకోవాలి, ఆపైన గుర్రం కదులుతుంటే పళ్లు రాలకుండా ఊదడం నేర్చుకోవాలి. అశ్వదళ బ్యాండ్లలో ఇత్తడి వాద్యాలకే పెద్దపీట వేయడానికి ఇదొక కారణం. క్లారినెట్ లాంటి వాద్యాల రెల్లు పుల్ల నోట్లో పెట్టుకుని దౌడు తీయడం చిన్న విషయం కాదు. వాల్వులున్న కార్నెట్లు, సాక్స్‌హార్న్‌లు 1840ల నుంచి వచ్చాక పని కొంత తేలికైంది. నగారావాడికి రెండు చేతులూ కర్రలకే కావాలి కాబట్టి పగ్గాలు రికాబులకు కట్టి ఉంటాయి, గుర్రాన్ని పాదాలతోనే తిప్పాలి. మీ బొమ్మలో అతని పాదాల దగ్గర పగ్గం కనిపిస్తోందా? కనిపిస్తే చిత్రకారుడు నిజంగా చూసి వేసినట్టే.

సికింద్రాబాద్‌లో ఈ బొమ్మ దొరకడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. కంటోన్మెంటులో బ్రిటిష్ అశ్వదళాలు వంతులవారీగా ఉండేవి. 1880ల చివర్లో 7వ హుస్సార్లు అక్కడున్నారు, తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో సేనాధిపతి అయిన డగ్లస్ హేగ్ అప్పుడు ఆ రెజిమెంటులో కుర్ర ఆఫీసరు. 1896లో బెంగళూరు నుంచి 4వ హుస్సార్లు పోలో ఆడటానికి హైదరాబాద్ వచ్చారు, ఆ జట్టులో చర్చిల్ ఉన్నాడు. ఆ కుటుంబాలు వెళ్లిపోయేటప్పుడు వదిలేసిన ఫ్రేములు, పుస్తకాలు, బొమ్మలు ఇప్పటికీ దుకాణాల్లో తిరుగుతున్నాయి. అలాగని మీ బొమ్మలోని మనిషి సికింద్రాబాద్‌లో ఉన్నాడని అనుకోకండి, కాగితం ఒక దారిన వస్తుంది, రెజిమెంటు ఒక దారిన పోతుంది. మన పెళ్లి బ్యాండు మేళాలవాళ్ల ఎర్ర కోట్లు, భుజకీర్తులు, ఎదురురొమ్ము తాళ్లు మాత్రం ఈ సైనిక బ్యాండ్ల నుంచి దిగినవే.

మీరు ఇప్పుడు చేయాల్సింది: బొమ్మను ఫ్రేములోంచి మీరే ఊడదీయొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎండ తగలని గోడకు మార్చండి. కింది అంచున చిత్రకారుడి పేరు, ముద్రించినవాళ్ల పేరు సన్నటి అక్షరాల్లో ఉంటాయి. ఆ అంచును, నగారాల మీది చెక్కడాన్ని, టోపీని దగ్గరగా తీసిన ఫొటోలు మూడు ఇక్కడే పెట్టండి. నగారాల మీద ఏ యుద్ధం పేరు ఆఖర్న ఉందో చదవగలిగితే కాలాన్ని ఇంకా దగ్గరికి తేగలను.